ఇద్దరు లక్ష్ములు

ఇంజనీరింగు చదివే పిల్లవాడో, పిల్లో లేని కుటుంబము మన సంఘాలలో నేడు అరుదు. వారు చివరి సెమిస్టరుకు వచ్చేసరికి ‘ఇంటర్న్‌షిప్’ అనే మాట ఇంట్లో వినబడుతుంది. ఏదైనా కంపెనీలో కొన్ని నెలలు పని నేర్చుకుంటూ చేయడమన్నమాట. అప్పుడు పెద్దవాళ్ళము అడిగే ప్రశ్న ఒక్కటే: “ఎంత ఇస్తారు?” ఏమి చేయిస్తారని అడిగేవారు తక్కువ. మా చెల్లెలి కొడుకు పోయిన సంవత్సరము ఆరు నెలలు హైదరాబాదులో మా ఇంటనే ఉండి ఇలాంటి పనికి వెళ్ళి వచ్చాడు. వాడి పని సంగతి రాత్రి భోజనాల దగ్గర కొద్దికొద్దిగా నాకు తెలిసింది.

వాడు చేరినది ఒక స్టార్టప్, అనగా కొత్తగా పెట్టి ఇంకా నిలదొక్కుకోని కంపెనీ. హైదరాబాదులో వీటికి పేరొందిన చోటు టీ-హబ్. అది 2015లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ప్రాంగణములో మొదలై, 2022లో రాయదుర్గములోని పెద్ద భవనములోనికి మారింది. మావాడి కంపెనీకి అంత భాగ్యము లేదు. మాదాపూరులో టిఫిన్ సెంటరు మేడమీద రెండు గదులు, తొమ్మిదిమంది మనుష్యులు. ఇచ్చేది జీతము కాదు, స్టైఫండు. నెలకు 15 వేలు.

చిన్న ఊళ్ళ క్లినిక్కులలో రోగుల పేర్లు పుస్తకాలలో వ్రాసి ఉంటాయి కదా. ఈ కంపెనీవారు వాటిని కంప్యూటరులో ఎక్కించి, షుగరు ఉన్నవారికి పరీక్ష తేదీలు, గర్భిణీ స్త్రీలకు సూది మందు తేదీలు ఫోనుకు సందేశముగా పంపుతారు. మంచి పనే. అయితే ఒకే మనిషి పేరు మూడుసార్లు, మూడు రకాలుగా ఎక్కింది. వరుసలు 40 వేలు ఉన్నాయి గాని మనుష్యులు అంతమంది లేరు. ఏ రెండు వరుసలు ఒకే మనిషివో కనిపెట్టి కలిపే ప్రోగ్రాము వ్రాయమని మావానికి అప్పగించారు.

“అదెంత పని రా, ఆధార్ నెంబరు అడిగితే సరిపోదా?” అన్నాను. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత ప్రైవేటు కంపెనీలు ఆధార్‌ను తప్పనిసరి చేయరాదట. కాబట్టి పేరు, వయస్సు, ఊరు, ఫోను నెంబరు, ఇవే దిక్కు.

పేర్లను పోల్చడానికి పాత పద్ధతులు ఉన్నాయని వాడు నాకు చూపించాడు. 1965లో లెవెన్‌స్టైన్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు చెప్పిన లెక్క ఒకటి. ఒక మాటను ఇంకొక మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీసివేయాలి, మార్చాలి అని లెక్కించడమే. వినడానికి బాగున్నది. కాని లక్ష్మి పేరును ఇంగ్లీషులో ఒక గుమాస్తా ‘కే, ఎస్, హెచ్’ పెట్టి వ్రాస్తాడు, ఇంకొకడు ఒక్క ‘ఎక్స్’ తో సరిపెడతాడు. ఆ రెంటికీ మధ్య దూరము మూడు. రమకు, ఉమకు మధ్య దూరము రెండే! అంటే ఒకే లక్ష్మి కన్నా రమ, ఉమ దగ్గరివారు.

ఇంకొకటి సౌండెక్స్. 1918లో అమెరికాలో రసెల్ అనే ఆయన పేటెంటు పొందిన పద్ధతి. అక్కడి జనాభా లెక్కల పుస్తకాలకు 1930లలో దీనితోనే సూచికలు తయారుచేశారు. ఇది పేరులోని ధ్వనిని బట్టి ఒక అక్షరము, మూడు అంకెలు ఇస్తుంది. లక్ష్మి ఎలా వ్రాసినా ఒకే అంకె వస్తుంది, సంతోషమే. అయితే రమ, రాము, రాణి, రేణు కూడా నలుగురూ ఒక్కటే అవుతారు. పల్లెలో వెంకటేశు ‘ఎంకటేశు’ అయ్యాడంటే మాత్రము మొదటి అక్షరము మారి, వేరే మనిషి అయిపోతాడు.

ఈ విషయములో నాకు కొంత అనుభవమున్నది. పదిహేనేళ్ళకు పైగా సంఘ రిజిస్టరు వ్రాస్తున్నవాడను. బాప్తిస్మపు పేరు ఒకటి, సర్టిఫికెట్టులో పేరు ఒకటి, ఇంట్లో పిలిచేది ఇంకొకటి. ఇంటిపేరు ఒకరు ముందు చెబుతారు, ఒకరు వెనుక చెబుతారు. ఆడపిల్లకు పెండ్లి అయితే అదీ మారవచ్చు. వయస్సు అడిగితే పాతికో, ముప్ఫైయో, నలభైయో అంటారు గాని 27 అనరు. జనాభా లెక్కలు చేసేవారికి ఇది బాగా తెలిసిన సంగతే. ఇవన్నీ చెబుతుంటే వాడు అన్నము చెయ్యి కడుక్కోకుండానే కాగితము మీద వ్రాసుకున్నాడు. మా ఇంటావిడ కోప్పడింది.

మూడవ నెలలో అసలు చిక్కు వచ్చింది. రెండు వరుసలు ఉన్నాయి. (2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము వచ్చింది గనుక రోగుల పేర్లు ఇంట్లో చెప్పకూడదని వాడి పట్టుదల. నాకు మార్చిన పేర్లే చెప్పాడు.) రెండింటిలోనూ లక్ష్మి, భర్త వి. రావు, వయస్సు 25, ఒకే ఊరు, ఒకే ఫోను నెంబరు. ప్రోగ్రాము నూటికి 96 మార్కులు వేసి ‘ఒకే మనిషి’ అన్నది. ఎవరైనా అదే అనుకుంటారు. అయితే ఒక వరుసలో ఐదవ నెల అని, రెండవదానిలో మూడు రోజుల తేడాతో ఎనిమిదవ నెల అని ఉన్నది.

“మామయ్యా, గుమాస్తా తప్పు వ్రాసి ఉంటాడా?” అని అడిగాడు.

“వ్రాసినవారినే అడుగు నాన్నా. నీకూ నాకూ ఎలా తెలుస్తుంది?” అన్నాను.

మరునాడు ఆ క్లినిక్కు నర్సమ్మకు ఫోను చేశాడు. ఆమె నవ్వి, “వాళ్ళు తోడికోడళ్ళు బాబూ. ఆయన వెంకటేశ్వరరావు, ఈయన వెంకట రమణారావు. ఫోను మామగారిది” అన్నదట. కలిపివేసి ఉంటే ఎనిమిదవ నెల తల్లికి సందేశము వెళ్ళేదో, ఐదవ నెల తల్లికి వెళ్ళేదో! ఒకరికి మాత్రము వెళ్ళేది కాదు.

ఆ రాత్రి వాడు నిద్రపోలేదు. ప్రోగ్రాము అప్పటికే కలిపిన జతలను విడదీసి, మొత్తము మూడు కుప్పలుగా చేశాడు: ఒకరే, వేరువేరు, సందేహము. సందేహపు కుప్పలో 1,900 జతలు తేలాయి. వీటిని క్లినిక్కులకు పంపి అడిగితేనే తెలుస్తుందని యజమానికి చెప్పాడు. యజమాని ముప్ఫై నిండని కుర్రవాడు, చెడ్డవాడేమీ కాదు. వచ్చే శుక్రవారము పెట్టుబడి పెట్టేవారు వస్తున్నారు, వారికి ఒక అంకె చూపించాలి. ‘సందేహము’ అనే మాట తెరమీద ఉంటే ఏమి బాగుంటుందని ఆయన బాధ. ఒక గీత పెట్టి, 90 దాటినవన్నీ కలిపివేయమన్నాడు. లక్ష్ముల జతకు 96 వచ్చిందని మావాడు చూపించాడు. ఆయన కొంతసేపు మాట్లాడలేదట. చివరకు శుక్రవారము తెరమీద మూడు అంకెలూ చూపించారు. సందేహపుదాన్ని చిన్న అక్షరాలలో వేశారు.

వచ్చినవారు పెట్టుబడి పెట్టలేదు. దానికి ఈ అంకెలే కారణమని ఎవరూ అనలేదు, కాదనీ అనలేదు. ఆరు నెలలు అయిన తరువాత మావానికి అక్కడ ఉద్యోగము కూడా ఇవ్వలేదు, డబ్బు లేదన్నారు. మా చెల్లెలు ఫోనులో, “అన్నయ్యా, వాడు కాస్త చూసీచూడనట్లు పోవలసింది కదా” అన్నది. తల్లి బెంగ అలాంటిది. నేను ఆ లక్ష్ముల సంగతి చెబితే కొంచెముసేపు ఆగి, “ఇద్దరికీ కాన్పు బాగా అయిందా?” అని అడిగింది. పెద్దామెకు ఆడపిల్ల, చిన్నామె సంగతి అప్పటికి తెలియదు.

మావాడు ఇప్పుడు పూనాలో ఒక బ్యాంకు లెక్కల కంపెనీలో ఉన్నాడు. వాడు దిగే రోజుకు సందేహపు కుప్పలో 640 జతలు మిగిలాయి. తన తరువాత వచ్చే ఇంటర్న్ కొరకు ఏ క్లినిక్కులో ఎవరిని, ఏ వేళకు ఫోనులో అడిగితే విసుక్కోకుండా చెబుతారో నాలుగు పేజీలు వ్రాసిపెట్టి వెళ్ళాడు. నర్సమ్మకు మధ్యాహ్నము రెండు తరువాత అని అందులో మొదటి మాట.