కోడలి గిటారు: ఒక యేటి జమాఖర్చు

మా యింట జమాఖర్చుల పుస్తకము వ్రాయుట ముప్పది యేండ్లుగా నా పని. పాలు, బియ్యము, కరెంటు, కానుక, వైద్యము అని దానిలో వేర్వేరు పుటలు గలవు. 2025వ సంవత్సరమున వానికి తోడుగ నొక క్రొత్త పుట తెరచి, దానిపై “కోడలి గిటారు” అని వ్రాసితిని. డిసెంబరు నెలాఖరున ఆ పుటను మొదటినుండి చదువుకొనగా, అందలి మిక్కిలి మంచి కొనుగోలును, మిక్కిలి చెడ్డ కొనుగోలును రెండును నా చేతి మీదుగనే జరిగినవని తెలిసినది. చెడ్డదాని వెల ఇరువది రూపాయలు. సోదరీమణులు నవ్వుదురేమో గాని, ఆ యిరువది రూపాయల సంగతి చెప్పుటకే ఇది వ్రాయుచున్నాను.

మాది జమ్మలమడుగు. లండన్ మిషనువారు పనిచేసిన ఊరు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు వినుచు పెరిగినవారము. ఆయన 1890లో పరమపదించినను ఆ పాటలు మా యింట నేటికిని నిత్యము వినబడును. పాటకు తోడు హార్మోనియము, తబల. ఇంతకు మించి మేమెరుగము. మా మామగారు కొన్న హార్మోనియము ముందుగదిలో నిప్పటికిని గలదు. మా కోడలు పెండ్లికి పూర్వము కళాశాలలో స్నేహితురాలి గిటారు తీసికొని బాసు నేర్చుకొన్నదట. ఆ సంగతి మాకు పెండ్లియైన యేడాదికి గాని తెలియలేదు.

జూన్ నెలలో ఆమెకు కమ్మలు చేయింపవలెనని ప్రొద్దుటూరికి తీసికొనిపోతిని. మా ప్రాంతమున బంగారమనగా ప్రొద్దుటూరే. ఆ యేడు ఏప్రిల్‌లో పది గ్రాముల వెల లక్ష రూపాయలను తాకియుండెను. దుకాణము మెట్ల యొద్ద ఆమె నిలిచిపోయి, “అత్తమ్మా, కమ్మలు వద్దు. ఆ డబ్బులో సగానికి బాస్ గిటార్ కొనియ్యి, చాలు” అనెను. నేను తెల్లబోతిని. ఇంటికి వచ్చి మూడు దినములు మాటాడలేదు. నాలుగవ దినమున, ఎవరి చెవులకు కమ్మలో వారినే అడుగుట న్యాయమని తోచి, మరల ప్రొద్దుటూరికి పోయితిమి. దుకాణమువారు వేరొక యూరినుండి తెప్పించి యిచ్చిరి. వెల 15,800 రూపాయలు.

ఈ వాద్యమును చూడని సోదరీమణులకు కొంచెము చెప్పవలెను. ఇది గిటారు వలెనే యుండును గాని మెడ పొడవు. తంత్రి మీటెడి భాగము 34 అంగుళములు. తంత్రులు నాలుగే. సాధారణ గిటారులోని నాలుగు లావు తంత్రులకు సరిగా ఒక స్థాయి క్రింద ఇవి పలుకును. అన్నిటికన్న లావుదానిని మీటిన సెకనుకు 41 మారులు కంపించును. పూర్వము పాశ్చాత్యులలో ఈ పనిని నిలువెత్తు డబుల్‌బాసు చేయుచుండెను. 1951లో అమెరికా దేశమున లియో ఫెండరు అనునతడు దానికి బదులుగ, వీణకువలె మెట్లున్న యీ చిన్న విద్యుద్వాద్యమును విక్రయమునకు తెచ్చెను. ఆయన రేడియోలు బాగుచేయుచు పైకి వచ్చినవాడు. తనకు గిటారు వాయించుట రాదు! ఈ సంగతి విన్నప్పటినుండి, నాకు సంగీతము రాకపోయినను ఈ పుట వ్రాయుటకు అర్హత గలదని ధైర్యము కలిగినది.

“ఆడపిల్లకు ఇంతలావు వాద్యమేల?” అని చుట్టాలు కొందరనిరి. ఆ మాటకు జవాబు కోడలే చెప్పెను. కారల్ కే అను నామె 1963లో, రికార్డింగుకు రావలసిన బాసు వాద్యకుడు రాకపోగా, అతని స్థానమున కూర్చుండి వాయించి, అటు పిమ్మట అమెరికాలో వేలకొలది పాటలకు బాసు సమకూర్చినదట. మన దేశమున బొంబాయి పిల్ల మోహినీ డే తండ్రి యొద్ద చిన్నతనముననే నేర్చి రహమానుగారితో వాయించినది. చుట్టాలు ఊరకుండిరి, ఒప్పుకొన్నారని చెప్పజాలను.

గిటారు వచ్చినది గాని పలుకలేదు. దాని లోపలి అయస్కాంతముల నుండి వచ్చెడి సన్నని విద్యుత్తును పెద్దది చేసి వినిపించు పెట్టె వేరుగ కావలెను. మా అబ్బాయి తొందరపడి 2,400 రూపాయలకు బ్లూటూత్ స్పీకరు తెచ్చెను. అరచేతియంత స్పీకరు ఆ మందర స్వరములను పలుకజాలక కీచుమనుచుండెను. అంతకన్న చెడ్డది, తీగె లేకుండ గాలిలో పోయిన ధ్వని సెకనులో పదవవంతో, అయిదవవంతో ఆలస్యముగ వచ్చుచుండెను. ఇక్కడ మీటిన అక్కడ మరి కొంతసేపటికి పలుకును. తాళము పట్టుటకే పుట్టిన వాద్యమునకు ఇంతకన్న అవమానము గలదా? ఇప్పుడది వంటయింట వార్తలు చెప్పుచున్నది.

పిదప పులివెందులలో ఒకరి యొద్ద పాత ఆంప్లిఫయరు గలదని తెలిసి, ముద్దనూరు మీదుగ బస్సున పోయి 6,000 రూపాయలకు తెచ్చుకొంటిమి. పెద్ద స్పీకరు, బరువు, గంభీరమైన పలుకు. మొదటి దినమున ఆమె మీటగా మా గోడలోని గిన్నెలు గలగలలాడెను. నేను కూర్చున్న కడప బండ నుండి ఆ నాదము నా అరికాళ్ళలోనికి ప్రాకెను. చెవితో గాక కాళ్ళతో సంగీతము వినుట నాకదియే ప్రథమము.

ఇక నా యిరువది రూపాయలు. ఆంప్లిఫయరు ప్లగ్గుకు మూడు కాళ్ళు. మా ముందుగది మామగారి కాలమున కట్టినది. గోడలో రెండే రంధ్రములు. మూడు కాళ్ళదానిని రెండు రంధ్రములలో దూర్చు చిన్న ప్లాస్టికు బిళ్ళను బజారున కొని తెచ్చితిని. ఎంత సులభముగ పని జరిగినదని సంతోషించితిని కూడ.

ఆ మూడవ కాలు మిగిలిన రెండింటికన్న లావుగ, పొడవుగ నుండుట మీలో ననేకులు చూచియే యుందురు. దానికి కారణము గలదు. ప్లగ్గు దూర్చునపుడు అది ముందుగ తగులవలెను, తీయునపుడు కడపట వీడవలెను. యంత్రములో ఎచ్చటనైన తీగె తొడుగు చిట్లి ఇనుప భాగమునకు విద్యుత్తు సోకినచో, దానిని భూమిలోనికి కొనిపోవు దారి అదియే. గిటారు తంత్రులు సన్నని తీగెతో ఆంప్లిఫయరు ఇనుప పెట్టెకు కలుపబడి యుండును. నా బిళ్ళ ఆ దారిని మూసివేసినది. నిజము చెప్పవలెనన్న మా యింట ఆ దారి ఏనాడో తెగిపోయినది. ఫ్రిజ్జు తలుపు ముట్టిన చురుక్కుమనుచుండెను. మేము దాని ముందు చెప్పుల జత ఉంచుకొని, అవి తొడిగి తీయుట అలవాటు చేసికొంటిమి. ఎన్ని యిండ్లలో ఇట్టి చెప్పుల జతలు గలవో!

గిటారు తగిలించినప్పటినుండి ఎడతెగక గుమ్మని ఒక ధ్వని వచ్చుచుండెను. కోడలు లావు తంత్రిపై మూడవ మెట్టు నొక్కి మీటి, “విన్నావా అత్తమ్మా, మన కరెంటు కూడా ఇదే స్వరం పాడుతోంది” అని నవ్వెను. నిజమే. మన కరెంటు సెకనుకు 50 మారులు ఊగును. ఆ మెట్టుపై స్వరము 49. పాశ్చాత్యులు దానిని ‘జి’ యందురు. ఆగస్టులో ఆమె, “ఎర్తు సరిచేయించల్ల. అది లేక ఈ రొద” అని చెప్పెను. ఎలక్ట్రీషియను వచ్చి తొమ్మిదివేలగునని చెప్పగా, క్రిస్మసు వెళ్ళనిమ్మని వాయిదా వేసితిని. బదులుగ, రొద నణచునని ఎవరో చెప్పిన ‘నాయిస్ గేట్’ అను పెట్టెను 3,600 రూపాయలకు తెప్పించితిమి. అది మీటనప్పుడు నోరు మూయించును. మీటగానే తలుపు తెరచి రొదను కూడ లోనికి రానిచ్చును. రోగమును విడిచి దగ్గునకు మందు వేసినట్లయినది.

డిసెంబరు 20వ తేదీ ఉదయమున పండుగ కొరకు ముందుగది కడుగుచు, ఆంప్లిఫయరును నేనే ప్రక్కకు లాగి, దాని క్రింద తుడిచి, మరల నెట్టితిని. బండలు ఇంకను తడియారలేదు. కోడలు వట్టికాళ్ళతో వచ్చి గిటారు మెడను పట్టుకొనెను. నేను వినినది ఆమె కేక గాదు. గొంతులో నొక వింత శబ్దము. ఆమె వ్రేళ్ళు తంత్రులను విడువకుండ బిగిసిపోయినవి. వెనుకకు పడుచు తీగెను గూడ లాగుకొనిపోగా, ఆ బిళ్ళ వదులుగ నున్నదగుటచే గోడనుండి ఊడివచ్చినది. ఊడకున్న ఏమగునో నేనిప్పటికిని ఆలోచింపలేను. డాక్టరుగారు ఈ.సి.జి. తీయించి సాయంకాలము వరకు ఉంచుకొని పంపిరి. ఎడమచేతి వ్రేళ్ళపై నాలుగు సన్నని కాలిన గీతలు పడినవి, తంత్రి కొకటి.

ఇంటికి వచ్చిన తరువాత ఆమె నన్ను ఒక్క మాట యనలేదు. ఆగస్టు సంగతి ఎత్తనేలేదు. అందువలన నాకు ఆ రాత్రి నిద్ర లేకపోయినది. 1972లో వేల్సు దేశమున స్వాన్సీ పట్టణములో లెస్లీ హార్వే అను గిటారు వాద్యకుడు సభలోనే ఎర్తు లేని మైకును ముట్టి మరణించెనని మా అబ్బాయి ఆ రాత్రియే చదివి చెప్పెను. అతడు చెప్పకున్న బాగుండెడిది.

మరునాడు ఎలక్ట్రీషియనును నేనే పిలిపించితిని. కరివేపచెట్టు ప్రక్కన నిలువెత్తును మించిన గుంట త్రవ్వి, గొట్టము దింపి, చుట్టును బొగ్గు ఒక వరుస, ఉప్పు ఒక వరుసగ నింపిరి. మాది నల్లరేగడి నేల, తడి నిలుపుకొనును గనుక ఎర్తుకు మేలైనదని ఆయన చెప్పెను. ఇల్లంతట మూడవ తీగె లాగి, మూడు రంధ్రముల సాకెట్లు బిగించెను. దారి తప్పిన విద్యుత్తు 30 మిల్లీ ఆంపియర్లకు చేరగానే ఇల్లంతట సరఫరాను ఆపివేయు స్విచ్చొకటి పెట్టెను. మొత్తము 11,300 రూపాయలు. ఆంప్లిఫయరును ప్రొద్దుటూరిలో విప్పించగా లోపలి తీగె తొడుగు చిట్లియుండెను. కదలించినపుడెల్ల ఇనుమునకు తగులుచుండెనట. ఆ మరమ్మతుకు 450 రూపాయలు మాత్రమే. ఆ ఉదయము దానిని కదలించినది నేనేయని మరమ్మతు చేసినవారికి చెప్పలేదు.

తగిలించి చూడగా రొద లేదు. 3,600 రూపాయల పెట్టె ఇప్పుడు నా జమాఖర్చుల పుస్తకముపై బరువుగ నున్నది.

మిగిలిన పద్దులు చిన్నవి. క్రొత్త తంత్రులకు 1,900. పాతవానిని నా పాలగిన్నెలో మరగించి మురికి పోగొట్టి కొంతకాలము వాడుకొనిరి. ఆ గిన్నెను మరల పాలకు వాడలేదు. నాలుగు తంత్రులును కలిసి మెడను ఇంచుమించు 75 కిలోల బలముతో లాగునట; దానిని నిలువరించు ఇనుప కడ్డీ మెడ లోపల గలదు. వానలకు మెడ కొంచెము వంగగా, గిటారుతోపాటు ఉచితముగ వచ్చిన వంకర తాళపుచెవితో కోడలు దానిని పావుచుట్టు త్రిప్పి సరిచేసికొనెను. భుజమునకు వెడల్పాటి తోలు పట్టెడ, 700. నాలుగు కిలోల వాద్యమునకు అది అవశ్యమే.

క్రిస్మసునాడు ఆమె వ్రేళ్ళకు కట్టుతో వాయింపలేకపోయెను. అంతకు ముందు, “ఈ గిటారు వినబడనే వినబడదు, ఇది దేనికి?” అని అడిగిన పెద్దామె యొకరు, ఆరాధన ముగిసిన పిదప నా యొద్దకు వచ్చి, “ఏమమ్మా, ఈ పొద్దు పాట బోలుగా ఉండాదే?” అని యడిగెను. కోడలు జనవరి రెండవ ఆదివారమున మరల వాయించెను.

గుంటలో వారమునకొకమారు రెండు బిందెల నీరు పోయవలెనని ఎలక్ట్రీషియను చెప్పియున్నాడు. అది కోడలి పని. నిన్న ఆమె పుట్టింటికి పోయినది గనుక నేనే పోసితిని. కాళ్ళు కడుగుకొని లోపలికి వచ్చి, తడికాళ్ళతోనే ఫ్రిజ్జు తలుపు తెరచి, పాలు తీసికొంటిని.