కాలిన సరుకు లెక్క

మా భానూర్‌లో సర్వేయర్ అంటే గొలుసు పట్టుకుని భూమి కొలిచేవాడే. అందుకే నేను ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా ట్రైనింగ్‌లో ఉన్నానంటే, "ఏ మండలంల?" అని అడుగుతారు. నేను కొలిచేది నష్టాన్ని అని చెప్తే ఎవరికీ ఎక్కదు.

బీటెక్ మెకానికల్ తర్వాత ఇటొచ్చాను. లైసెన్స్ ఇచ్చే ఐఆర్‌డీఏఐ మనకు దగ్గరే, గచ్చిబౌలి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. లైసెన్స్ ఉన్న సర్వేయర్ దగ్గర పన్నెండు నెలలు పని నేర్చుకోవాలి, పరీక్ష పాసవ్వాలి. చదివితే పరీక్ష పాసవ్వొచ్చు. కాలిన ప్లాస్టిక్ వాసన షర్టులోంచి పోదు, అదే కష్టం.

పటాన్‌చెరు వైపు ఒక చిన్న ప్యాకింగ్ యూనిట్ కాలింది. మా సార్ మసి చూసే ముందు కాగితాలు అడిగారు: స్టాక్ రిజిస్టర్, జీఎస్టీ రిటర్న్‌లు, బ్యాంకుకిచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్, కరెంటు బిల్లు. మనిషి మాట మారుస్తాడేమో కానీ, ఈ నాలుగూ కలిసి అబద్ధం ఆడటం కష్టం.

సరుకు 40 లక్షలది. పాలసీ 20 లక్షలకే. కాలింది 10 లక్షలది. ఓనర్ 10 లక్షలూ వస్తాయనుకున్నాడు. సగానికే బీమా చేస్తే నష్టంలోనూ సగమే, అంటే 5 లక్షలు. దాన్ని యావరేజ్ క్లాజ్ అంటారు. 2021 ఏప్రిల్‌ నుంచి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో 15 శాతం వరకు తక్కువున్నా వదిలేస్తారు. ఇక్కడ తేడా సగం. ప్రీమియంలో కొన్ని వేలు మిగుల్చుకోబోయాడు, అంతే.

"మన భానూర్ పిల్లగానివే గదా, నువ్వన్న జర చూసి రాయి బిడ్డా," అన్నాడు. గొంతు ఆరిపోయింది నాకు. మా ఫీజు ఇచ్చేది కంపెనీయే అయినా, రిపోర్ట్ ఎవరి పక్షమూ కాకూడదు. అంకె మార్చలేదు. కానీ శిథిలాలు ఎత్తించిన ఖర్చు పాలసీ పరిమితిలో అడగొచ్చని ఆయనకు తెలియదు. "ట్రాక్టర్, జేసీబీ బిల్లులు తెండి పెద్దనాన్నా," అన్నాను. రెండ్రోజుల్లో తెచ్చాడు. సార్ వాటిని చూసి లెక్కలో కలిపారు.

మొన్న చాయ్ దగ్గర కనిపించి అడిగాడు: "ఈసారి ఎంతకు చేయించాలె?"

"గోడౌన్ నిండా ఉన్న రోజు సరుకు ఎంతుంటదో, అంతకు."

చాయ్ పైసలు ఆయన ఇవ్వబోతే వద్దన్నాను. ఫైల్ ఇంకా క్లోజ్ కాలేదు.