శిక్షణ పొందిన గురువుకు ఎందరు శిష్యులు?

యునెస్కోవారికి మాంట్రియల్ నగరంలో ఒక గణాంక సంస్థ ఉన్నది. దేశదేశాల బడుల లెక్కలు అక్కడికి చేరుతాయి. ఆ లెక్కలలో ఒకటి, ఉపాధ్యాయునికి ఎందరు విద్యార్థులు అన్నది. మరొకటి, శిక్షణ పొందిన ఉపాధ్యాయునికి ఎందరు అన్నది. రెంటికీ నడుమ తేడా ఒక్క విశేషణం. విశేషణం, విశేష్యం అంటూ ముప్పై యేళ్ళు నల్లబల్ల మీద వ్రాసినవాణ్ణి కనుక నా చూపు ఆ రెండవ లెక్క మీదనే నిలిచిపోయింది.

మారిషస్ దేశాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. 1834 తరువాత చెరకుతోటల పనికి ఒప్పందాల మీద ఓడలెక్కి వెళ్ళినవారిలో మనవాళ్ళూ ఉన్నారు. మన కోరంగి రేవు పేరు మీద తెలుగువారిని అక్కడ కోరంగీలు అన్నారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినదీ ఆ ద్వీపంలోనే. మొత్తం జనాభా 12 లక్షల పైచిలుకు. అక్కడ ఉన్నత పాఠశాలను కాలేజీ అంటారు; చదువరులు ఆ మాట దగ్గర తికమక పడవద్దు.

ఒక ఊహా కాలేజీ వేసుకుందాం. 120 మంది పిల్లలు, 10 మంది పంతుళ్ళు. పంతులుకు 12 మంది. మన వైపు అరవైమంది పిల్లల గదిలో గొంతు చించుకున్నవారికి ఇది స్వర్గం. అయితే ఆ పదిమందిలో శిక్షణ పొందినవారు ఐదుగురే అయితే రెండవ లెక్క 24 అవుతుంది. పోనీ, 24 కూడా మంచి సంఖ్యే కదా అనవచ్చు. నా సందేహం ఇక్కడే. ఆ ఐదుగురినీ 120 మందికీ సమంగా పంచినట్టు చూపడం భాగహారం చేసే మాయ. నిజానికి ఒక తరగతికి శిక్షితుడు దొరుకుతాడు, పక్క తరగతికి దొరకడు. పక్క తరగతి పిల్లవాడికి 12 అన్నా, 24 అన్నా ఒరిగేది లేదు.

ఇంకో తమాషా ఉన్నది. మారిషస్‌లో హిందీ, ఉర్దూ, తమిళం, తెలుగు, మరాఠీ మొదలైన పూర్వీకుల భాషలను ఐచ్ఛికంగా బోధిస్తారు. తెలుగు తీసుకున్న పిల్లలు ఓ తరగతిలో ఆరుగురే ఉన్నా వారికి ఒక పంతులు కావలసిందే. అదే గంటకు గణితం పంతులు ముందు ముప్పైమంది ఉండవచ్చు. రెండూ కలిపి సగటు తీస్తే అంకె అందంగా వస్తుంది. ఆ అందంలో మన తెలుగు పంతులు వాటా కొంత ఉన్నదని తలచుకుంటే నవ్వు వస్తుంది. 1970లో భారత, మారిషస్ ప్రభుత్వాల సహకారంతో మోకాలో ఏర్పడిన మహాత్మా గాంధీ సంస్థ ఈ భాషల పంతుళ్ళను తయారుచేస్తుంది. ఆ విషయంలో ఆ చిన్న దేశాన్ని చూసి మనం సిగ్గుపడవలసిన రోజులు వచ్చాయనిపిస్తుంది గాని, అది వేరే టపాకు సరిపడే సంగతి.

పంతుళ్ళ యోగ్యత గురించి మారిషస్‌లో పిల్లలే వీధికెక్కిన చరిత్ర ఉన్నది. 1975 మే నెలలో కాలేజీ విద్యార్థులు వేల సంఖ్యలో రాజధాని పోర్ట్ లూయీ వైపు నడిచారు. పోలీసులు వంతెన దగ్గర అడ్డగించారు. ప్రభుత్వ కాలేజీలకూ, ఫీజులు కట్టి చదివే ప్రైవేటు కాలేజీలకూ మధ్య ఉన్న అంతరం వారి ఆగ్రహానికి ఒక ముఖ్య కారణం. అప్పుడే పై పరీక్ష గట్టెక్కిన కుర్రవాడు మరునాడే పంతులై నిలబడడం ఆ ప్రైవేటు కాలేజీలలో వింత కాదు. 1977లో మాధ్యమిక విద్యను ఉచితం చేశారు. ఫీజు బాధ తీరింది. సగానికి మించిన పిల్లలు ఈనాటికీ ప్రైవేటు కాలేజీలలోనే ఉన్నారు. జీతాలు చాలావరకు సర్కారు సొమ్ము.

పంతుళ్ళ శిక్షణ కోసం 1973లోనే రెద్యూయీలో మారిషస్ విద్యా సంస్థను స్థాపించారు. అయితే అక్కడి పద్ధతి మనకు కొంచెం తలక్రిందులుగా తోస్తుంది. డిగ్రీ ఉన్నవారు ముందు ఉద్యోగంలో చేరి, పాఠాలు చెబుతూనే తరువాత పి.జి.సి.ఇ. చేయడం అక్కడ పరిపాటి. శిక్షణ పూర్తయిన నాడు ఆ పంతులు రెండవ లెక్కలోకి ఎక్కుతాడు. అంతకు ముందు అతని ఎదుట కూర్చున్న పిల్లలు మాత్రం ఆ తరగతి దాటి వెళ్ళిపోయి ఉంటారు.

శిక్షణ వలన ఏమి వస్తుందని అడిగేవారు మన దగ్గరా తక్కువ కాదు. చందస్సు, వ్యాకరణం, ప్రబంధాలు వచ్చినవాడికి బోధన వేరే నేర్పాలా అని నేనూ పండిత శిక్షణలో చేరేటప్పుడు విన్నాను. అక్కడ మా బోధనాపద్ధతుల మాస్టారు మొదటివారంలోనే ఒక ప్రశ్న వేశారు. "పిల్లవాడు 'అయ్యా, మాయమ్మ ఎల్లిపోనాది' అన్నాడు. నీవు ముందు క్రియాపదం దిద్దుతావా, వాళ్ళమ్మ ఎక్కడికి వెళ్ళిందో అడుగుతావా?" నలభైమందిమి ఉభయభాషా ప్రవీణులం, ఎవ్వరమూ నోరు మెదపలేదు. ఆ ప్రశ్నకు బాలవ్యాకరణంలో సూత్రం లేదు.

మారిషస్ పిల్లవాడికి ఈ చిక్కు మూడింతలు. ఇంట్లో మాట క్రియోల్. పత్రికలు ఫ్రెంచి. పాఠ్యపుస్తకమూ, కేంబ్రిడ్జి పరీక్షా ఇంగ్లీషు. 2012లో గాని క్రియోల్‌కు ప్రాథమిక బడిలో ఐచ్ఛిక పాఠంగా చోటు దొరకలేదు. మూడు భాషల మధ్య నలిగే పిల్లవాడికి విజ్ఞానశాస్త్రం చెప్పాలంటే శాస్త్రం ఒక్కటీ వస్తే చాలదు.

2017 సంస్కరణలలో, ప్రాథమిక పరీక్ష తప్పినవారిని కూడా కాలేజీలో చేర్చుకుని, మూడేళ్ళ చదువును నాలుగేళ్ళలో చెప్పే ఒక విస్తరణ పథకం పెట్టారు. ఉద్దేశం మంచిదే. తీరా చూస్తే, భౌతికమో చరిత్రో చెప్పడానికి తయారైన పంతుళ్ళు అక్షరాలు కూడబలుక్కునే పన్నెండేళ్ళ పిల్లల ముందు నిలబడవలసి వచ్చింది. చివరి జాతీయ పరీక్షలో గట్టెక్కినవారు బహు స్వల్పం. ఆ పంతుళ్ళలో పి.జి.సి.ఇ. ఉన్నవారు లెక్కలో శిక్షితులే. చదవడం రాని పిల్లవాడికి చదవడం నేర్పే శిక్షణ మాత్రం అందులో లేదు. శిక్షితుడంటే ఎవరన్నది ఏ దేశానికి ఆ దేశమే నిర్ణయించుకుంటుంది. మాంట్రియల్‌వారు ఆ నిర్వచనం ప్రకారమే లెక్క కడతారు.

ఈ దేశానికే చెందిన అగలెగా అనే దీవి ఉత్తరాన సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరాన ఉన్నది. జనాభా మూడు వందలు. అటువంటి చోట పదిమంది పిల్లలకు ముగ్గురు శిక్షితులుంటే నిష్పత్తి ప్రపంచానికే తలమానికం. ఆ ముగ్గురిలో గణితం చెప్పేవాడు లేకపోతే ఆ పదిమందికీ గణితం లేదు.

2015లో ఐక్యరాజ్య సమితి పెట్టుకున్న లక్ష్యాలలో చిన్న ద్వీపదేశాలకు అర్హులైన ఉపాధ్యాయులను 2030 నాటికి బాగా పెంచాలని ప్రత్యేకంగా వ్రాసుకున్నారు. పెంచితే సంతోషమే. మారిషస్ కాలేజీలలో పనిచేసిన మిత్రులెవరైనా ఇది చదివితే ఒక్క సంగతి తెలియజేయ ప్రార్థన. మీ కాలేజీలో అందరికంటె వెనుకబడిన సెక్షన్‌కు కాలపట్టిక వేసేటప్పుడు, శిక్షణ అయిన పంతులును వేస్తారా, నిన్న చేరినవాణ్ణి వేస్తారా?