చెంచా వంచి చూడు

ఐదో నెల బిడ్డ గుప్పెట నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంటే అది ఆకలి కాదు. ఈ మాట ఖరగ్‌పూర్‌లోని ఖరిదా వీధుల్లో 30 ఏళ్ళకు పైగా చెప్తున్నాను, ఇప్పటికీ చెప్పాల్సే వస్తోంది. కొత్తగా చేరిన అమ్మాయిలు నా పక్కన కూర్చుంటే రికార్డులు ముయ్యమంటాను. అవి తర్వాతైనా వస్తాయి, ముందు బిడ్డను చూడ్డం రావాలి.

మా తాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పలాస వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చి వర్క్‌షాపులో చేరాడు. నాన్న కూడా అక్కడే పనిచేసి రిటైరయ్యాడు. ఖరిదా, నిమ్‌పురా, మథురాకాటి, మలంచ, ఎటు తిరిగినా మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు కనిపిస్తారు. ఆ పక్క గుమ్మం బెంగాలీలది, దాని పక్కది ఒడియా వాళ్ళది, ఎదురిల్లు బీహారు వాళ్ళది. 1993లో నేను కర్మిగా, అంటే అంగన్‌వాడీ కార్యకర్తగా చేరాను. ఇక్కడ అంగన్‌వాడీ అనే మాట తక్కువ, అందరూ ఐసీడీఎస్ అనే అంటారు. బెంగాలీలు దిదిమణి అని పిలుస్తారు, మనవాళ్ళు అప్పా అనో పిన్నీ అనో పిలుస్తారు. పిలుపు ఏదైనా అడిగేది ఒకటే. పాలు తాగే బిడ్డకి తిండి ఎప్పుడు మొదలెట్టాలి?

నాకు పని నేర్పినవాళ్ళు ఇద్దరు. ఒకరు మా సూపర్‌వైజర్ దిది, మేదినీపూర్ నుంచి లోకల్లో వచ్చేవారు. రెండోది మా సహాయిక. నాకంటే 15 ఏళ్ళు పెద్ద, వీధంతా పెద్దప్ప అనేవాళ్ళం. దిది నాకు కాటా పట్టుకోవడం నేర్పారు. అత్తగార్లతో మాట్లాడ్డం పెద్దప్ప నేర్పింది. రెండోదే కష్టం.

ముందు కాటా సంగతి. అప్పట్లో సాల్టర్ కాటా ఉండేది, దూలానికి వేలాడదీసే స్ప్రింగు త్రాసు. కొక్కేనికి గుడ్డ లాగు తగిలించి, అందులో బిడ్డ కాళ్ళు దూర్చి వదులుతాం. లాగు తగిలించాక ముల్లు సున్నాకి తిప్పుకోవాలి, ఆ తర్వాతే బిడ్డ. చేరిన ఏడాదే పాత లాగు చిరిగితే మందపాటి గుడ్డతో కొత్తది కుట్టించాను. ముల్లు మాత్రం సరిచెయ్యలేదు. ఆ నెల కేంద్రంలో పిల్లలందరూ 200 గ్రాములు ఎక్కువ తూగారు. వాళ్ళలో ఏడు నెలల పిల్ల ఒకతె ఉంది, ఇంకా పాలే తాగుతోంది. నిజానికి ఆ నెల దాని ఒంటికి ఏమీ పట్టలేదు. నా గ్రోత్ చార్టులో మాత్రం గీత పైకి పోయింది. "బాగా పెరుగుతోందమ్మా, కంగారేం లేదు" అని తల్లిని పంపేశాను. మర్నెల దిది వచ్చి వట్టి లాగు కొక్కేనికి తగిలించి, ముల్లు ఎక్కడుందో చూడమన్నారు. ఒక్క మాట అనలేదు. ఆ పిల్ల తినాల్సిన నెల రోజుల తిండి నా నిర్లక్ష్యం వల్ల పోయింది. ఆ రోజు నుంచి ఒక్క బిడ్డను తూచినా సరే, ముందు ముల్లు చూస్తాను. నువ్వూ చూడు.

ఇక ఎప్పుడు అన్న ప్రశ్న. మాకు ట్రైనింగులో "నాలుగు నుంచి ఆరు నెలల మధ్య" అని నేర్పారు. అప్పుడు ప్రపంచమంతా చెప్పింది అదే. కానీ వీధిలో నిలబడి చెప్తే తెలుస్తుంది, నాలుగు నుంచి ఆరు అంటే తల్లి చెవికి నాలుగే వినిపిస్తుంది. నాలుగు నిండగానే బార్లీ నీళ్ళు, సుజీ జావ, టీలో ముంచిన బిస్కెట్ అన్నీ మొదలయ్యేవి. మే నెలలో ఖరగ్‌పూర్ ఎండ సంగతి తెలిసిందే. పొద్దున్న కాచిన జావ మధ్యాహ్నానికి పులిసిపోయేది, అదే గిన్నె, అదే చెంచా. ఆ పిల్లలకి విరేచనాలు పట్టుకుంటే మేమే ఓఆర్ఎస్ ప్యాకెట్లు పట్టుకుని తిరిగేవాళ్ళం. వాటిలో కొన్ని ఇళ్ళకి నాలుగో నెల అని చెప్పి వచ్చింది నేనే.

2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట మార్చింది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా వద్దంది. మన దేశంలో పసిపిల్లల డబ్బా ఆహారాల మీద 1992లో వచ్చిన చట్టం కూడా మొదట్లో నాలుగు నెలలు అనే చెప్పేది, 2003లో దాన్ని ఆరుకి సవరించారు. 2004లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మీద మార్చడం తేలికే, వెళ్ళి చెప్పాల్సింది మేము. ఒక ముసలమ్మ గుమ్మంలోనే నిలబెట్టేసింది. "పెద్ద మనవడికి నాలుగన్నావు. దీనికి ఆరంటన్నావు. వచ్చే గుంటడికి ఎన్నంటావేటి?" నాకు నోరు పెగల్లేదు. తప్పు ఆవిడది కాదు.

నా వెంట వచ్చిన పెద్దప్ప మాత్రం చేతులు కడుక్కుని, వేడినీళ్ళలో కడిగిన చెంచా తెమ్మంది. నాలుగు నెలల మనవరాలి పెదవికి వట్టి చెంచా ఆనించింది. పిల్ల నాలుక ముందుకొచ్చి చెంచాను బయటికి తోసేసింది. మళ్ళీ ఆనిస్తే మళ్ళీ తోసింది. "చూశావా వదినా, వద్దంటంది" అంది. తర్వాత పక్కింటి ఆరున్నర నెలల పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని మరో చెంచా చూపించింది. వాడు నోరు తెరిచి ముందుకి వంగాడు. ముసలమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇంకేం అడగలేదు.

డాక్టర్లు ఈ నాలుక తోయడాన్ని పుస్తకాల్లో పెద్ద పేరుతో రాస్తారు. పెద్దప్ప ఆరో తరగతి దాటలేదు, తన నలుగురు పిల్లల నోళ్ళు చూసి నేర్చుకుంది. నాలుక తోసినంతకాలం నువ్వు పెట్టింది గడ్డం మీదికే పోతుంది.

కాబట్టి ఇంటికెళ్తే ఇలా చూడు. మెడ నిలిచిందా? ఒళ్ళో ఆనించి కూర్చోబెడితే నడుం పక్కకి వాలకుండా ఉంటోందా? తల్లి తింటుంటే ఆవిడ చెయ్యి కంచంలోంచి నోటికి వెళ్ళినంతమేరా బిడ్డ కళ్ళు వెంటపడుతున్నాయా? నాలుక తోయడం మానేసిందా? ఇవన్నీ కలిసొచ్చేది మామూలుగా ఆరో నెల నిండే వేళకే. గుప్పెట చప్పరించడం, రాత్రి లేచి ఏడవడం లెక్కలోకి రావు. "పాలు చాలడం లేదప్పా" అని తల్లి అంటే బిడ్డ రోజుకి ఎన్నిసార్లు ఉచ్చ పోస్తోందో అడుగు. ఆరుసార్లు, అంతకు మించి అయితే పాలు చాలుతున్నట్టే. అప్పుడు కాటా ఎక్కించు, గీత పైకి పోతుంటే తల్లికి చూపించు. తల్లికి తన పాల మీద నమ్మకం రావాలి, ఆ నమ్మకం పోతేనే డబ్బా ఇంట్లోకి వస్తుంది. జీతాల రోజు ఒక డబ్బా కొని, నెలాఖరుదాకా రావాలని రోజూ ఒక గరిటె తక్కువేసి కలిపే ఇళ్ళు ఎన్నో చూశాను. బిడ్డ కడుపు నిండేది నీళ్ళతోనే.

నీళ్ళంటే గుర్తొచ్చింది, ఎండాకాలం నాయనమ్మలందరూ గుక్కెడు నీళ్ళు పట్టమంటారు. తల్లిపాలల్లో నూటికి 88 పాళ్ళు నీళ్ళే. ఆరు నెలల లోపు బిడ్డకి ఖరగ్‌పూర్ మే నెలలో కూడా అవే చాలు.

మరి ఆరు దాటాక ఎందుకు ఆగకూడదు? పుట్టేటప్పుడు బిడ్డ తల్లి దగ్గర్నుంచి ఇనుము దాచుకుని వస్తుంది, అది దాదాపు ఆరో నెలకి ఖర్చయిపోతుంది. తల్లిపాలల్లో ఇనుము ఒంటికి బాగానే పడుతుంది గానీ కొంచెమే ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య పాలు కాకుండా తిండి నుంచి రోజుకి 200 కేలరీల దాకా కావాలి. పాలు మాన్పించమని ఎవరూ చెప్పరు, రెండేళ్ళు వచ్చేదాకా, ఆ పైన కూడా ఇవ్వొచ్చు. పాలకి తోడు తిండి కావాలి, అంతే.

తొందరపడే ఇళ్ళతో పాటు ఆలస్యం చేసే ఇళ్ళూ ఉన్నాయి. మనవాళ్ళలో మగపిల్లాడికి ఆరో నెలో ఎనిమిదో నెలో, ఆడపిల్లకి ఐదో ఏడో, అన్నప్రాశన చేస్తారు. బెంగాలీల ముఖే భాత్ కూడా ఇంచుమించు ఇలాగే, అక్కడా మేనమామే ముందు తినిపిస్తాడు. మంచి వేడుక, నేను ఎప్పుడూ కాదనలేదు. చిక్కల్లా వేడుక వాయిదా పడితే తిండి కూడా వాయిదా పడడంతోనే. ఖరిదాలో ఒక పిల్లాడు ఉండేవాడు. ఆరో నెలలో మేనమామకి సెలవు దొరకలేదు. ఎనిమిదిలో చేద్దామనుకుంటే ఇంట్లో పెద్దాయన పోయారు. పదో నెలకి జరిపారు. అప్పటిదాకా అన్నం ముట్టించకూడదని నాయనమ్మ పట్టు. ఎనిమిదో నెల తూకానికి గీత రెండు నెలలుగా అడ్డంగా పడుంది. ఈసారి ముల్లు సున్నా మీదే ఉంది, రెండుసార్లు చూసుకున్నాను.

నాయనమ్మతో వాదిస్తే పని జరగదని పెద్దప్ప దగ్గర నేర్చుకున్నాను. అలమర్లో పాత ఉగ్గు గిన్నె కనిపించింది, చిన్న ముక్కు ఉన్న ఇత్తడిది. "ఇది మీదేనా అత్తమ్మా?" అన్నాను. తన కొడుకుకి పుట్టినప్పట్నుంచి దాంతోనే ఆముదం, పాలు కలిపి ఉగ్గు పోశానని మురిసిపోయింది. ఆ పని ఇప్పుడు ఎవరూ చెయ్యకూడదు, కానీ మాట దొరికింది. "అన్నప్రాశనకి ముందు అన్నం వద్దన్నారు గానీ ఉగ్గు వద్దనలేదు కదా అత్తమ్మా? చోడి పిండి, పెసరపప్పు కలిపి చిక్కటి ఉగ్గు పెడదాం, అందులో బియ్యం గింజ ఉండదు." కాసేపు ఆలోచించి, "బియ్యం లేకపోతే అన్నం ఎలగవుద్ది" అని తనే అంది. ఆ సాయంత్రం తనే చోళ్ళు, అదే రాగులు, కడిగింది.

పదో నెలలో అన్నప్రాశనకి నన్నూ పిలిచారు. పరమాన్నం వెండి గిన్నెలో ఉంది. బిడ్డ ముందు పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు పెట్టారు, వర్క్‌షాపులో పనిచేసే పెదనాన్న స్పానర్ కూడా పెట్టాడు. మేనమామ చెంచా నోటి దగ్గరకి తెచ్చీ తేకముందే పిల్లాడు రెండు చేతులతో పట్టుకుని లాక్కున్నాడు. అందరూ నవ్వారు. నాయనమ్మ నా వైపు చూసి తల దించుకుంది, పెదవులు మాత్రం నవ్వుతున్నాయి. అంతకు ముందు నెల గీత 400 గ్రాములు పైకి లేచింది. నా పనిలో నేను గెలిచాననుకున్న మొదటి రోజు అదే.

ఇప్పుడు చిక్కదనం సంగతి, ఇది ఎవరికీ ఒక్కసారి చెప్తే పట్టుబడదు. మన ఇళ్ళలో మొదటి తిండి అంటే పప్పు కట్టు, గంజి పైతేట. అరుగుతుందని నమ్మకం. బిడ్డ పొట్ట ఎంత? కిలో బరువుకి 30 మిల్లీలీటర్ల లెక్క. ఏడు కిలోల పిల్లకి గ్లాసుడు కన్నా తక్కువ పడుతుంది. దాన్ని పప్పు నీళ్ళతో నింపితే ఇక చోటెక్కడ? నేను వంటింట్లోకే వెళ్ళి చేసి చూపిస్తాను. బియ్యం మూడు వంతులు, వేయించిన పెసరపప్పు ఒక వంతు మెత్తగా ఉడికించాలి. కడిగిన వేళ్ళతో చిదమాలి, మిక్సీ వద్దు. చెంచాడు నూనెగాని నెయ్యిగాని వెయ్యాలి, ఆ చెంచాలోనే 45 కేలరీలు ఉన్నాయి. అప్పుడు చెంచాతో తీసి పక్కకి వంచు. గబుక్కున కారిపోతే పలచన. అంటుకుని కదలకపోతే మరీ గట్టి, చెంచాడు తల్లిపాలు పిండి కలుపు. ఆగి, ఆగి, మెల్లగా జారాలి. మొదట రోజుకి రెండుసార్లు, రెండు మూడు చెంచాలు. ఎనిమిదో నెలకి అర కప్పు, రోజుకి రెండు మూడుసార్లు. కొత్త పదార్థం పెడితే మూడు నాలుగు రోజులు ఆగి ఇంకోటి. తేనె మాత్రం ఏడాది లోపు నాకించొద్దు, పసిపేగులో విషమయ్యే క్రిములు అందులో ఉండొచ్చు.

చోళ్ళు మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి పట్టిస్తే జావ నీళ్ళు పొయ్యకుండానే పలచబడుతుంది, సత్తువ పోదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు బక్కచిక్కిన పిల్లలకి ఒక లెక్క కట్టారు. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ గుళ్ళు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాముల్లో 330 కేలరీలు. గోధుమలూ పప్పూ గుళ్ళూ వేయించి పొడి చేసి బెల్లం కలుపుతాం. ఇక్కడ ప్రతి కిరాణాలో ఛాతు, అంటే వేయించిన శనగల పిండి దొరుకుతుంది, పప్పు వేయించే పని తప్పింది. బెంగాలీ వదినలకి ఇది నేర్పాను. వాళ్ళు నాకు ముళ్ళు తీసిన చేపని అన్నంలో మెదిపి ఏడెనిమిది నెలల బిడ్డకి పెట్టడం నేర్పారు. మొదట్లో మా తెలుగు నాయనమ్మలు అమ్మో అన్నారు, ఇప్పుడు వాళ్ళే గోల్ బజార్‌లో మాగుర్ చేప బేరమాడుతున్నారు.

ఇంకొక్కటి. మర్నాడు మళ్ళీ వెళ్ళు. "పెట్టావా?" అని అడక్కు, పెట్టానంటుంది. గిన్నె చూపించమను. అడుగున ఎండిన మెతుకు చిక్కగా ఉందా, నీళ్ళ మరక ఉందా, అది చెప్తుంది.

ఖరిదా గేటు అవతల ఒక పిల్ల ఉంది. ఐదు నెలల ఇరవై రోజులు. నాయనమ్మ తొందరపడుతోంది, తల్లికి బెంగగా ఉంది. మొన్న చెంచా ఆనిస్తే రెండుసార్లు తోసింది, మూడోసారి కాసేపు ఆలోచించింది. వచ్చే గురువారం కాటా తీసుకుని వెళ్తున్నాను, నువ్వు కూడా రా. చెంచా ఈసారి నీ చేతికిస్తాను.