మూకీల దారిలో: బాబాయికి ఉత్తరాలు

లియోన్, జూన్ 14



మీరు ఇన్నేళ్లు చేసిన ఆపరేటరు ఉద్యోగానికి పుట్టిల్లు ఈ ఊరే. మోఁప్లెజీర్ అనే పేటలో ఒక వీధికి 'తొలి సినిమా వీధి' అని పేరు పెట్టారు. 1895 మార్చి 19న లూయీ ల్యూమియేర్ ఇక్కడే కెమెరా నిలబెట్టి, తమ ఫ్యాక్టరీ గేటులోంచి ఇంటికి బయల్దేరిన పనివాళ్లను తీశాడు. ఫొటో ప్లేట్లు తయారుచేసే ఫ్యాక్టరీ అది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. నిడివి నిమిషం కూడా లేదు. ఫిల్ము పదిహేడు మీటర్లు.

ఆ ఫ్యాక్టరీ షెడ్డులో కొంత భాగం ఇంకా నిలిచే ఉంది. దాన్ని కాపాడి, దాని కిందే సినిమా హాలు కట్టారు. పక్కన ల్యూమియేర్ల మేడ ఇప్పుడు మ్యూజియం.

ఆ బొమ్మను మూడుసార్లు తీశారు. ఒకదాంట్లో బండికి ఒక గుర్రం, ఇంకోదాంట్లో రెండు గుర్రాలు, మరోదాంట్లో గుర్రమే లేదు. అభిమానులు ఏ ప్రతి ఏదో గుర్రాల లెక్కతోనే పోలుస్తారు. పదిసార్లు చూసినవాళ్లకు కూడా పదకొండోసారి కొత్తది ఏదో ఒకటి కనబడుతుంది. ఒకావిడ పక్కావిడ గౌను పట్టి లాగుతుంది. ఒక కుక్క అడ్డం వస్తుంది. నటించమని ఎవరికీ చెప్పినట్టుండదు, కానీ అందరికీ కెమెరా ఉందని తెలుసు. ఎవరూ దానివైపు చూడరు. వాళ్లకు చూడొద్దని గట్టిగానే చెప్పి ఉంటారు.

మ్యూజియంలో పెట్టిన సినిమాటోగ్రాఫ్ యంత్రం దగ్గర జనం ఎక్కువసేపు ఆగుతున్నారు. చిన్న చెక్కపెట్టె. బరువు ఐదు కిలోల దాకా ఉంటుంది. చేత్తో తిప్పే పిడి ఒకటి. బొమ్మ తీసేదీ, ప్రింటు వేసేదీ, తెరమీద చూపించేదీ ఆ ఒక్క పెట్టే. అందుకే పారిస్‌లో 1895 డిసెంబరు 28న టిక్కెట్టు ఆట వేసిన ఆర్నెల్లకే, 1896 జూలై 7న, బొంబాయి వాట్సన్స్ హోటల్లో ఆట పడింది. పెట్టె చంకన పెట్టుకుని ఓడెక్కితే చాలు.

మన రఘుపతి వెంకయ్య నాయుడుగారు మద్రాసులో తన ఫొటో స్టూడియో తాకట్టు పెట్టి తెప్పించిన క్రోనో మెగాఫోన్ కూడా ఈ దేశపు సరుకే. గోమోఁ కంపెనీ చేసింది. బొమ్మ ఆడుతుంటే గ్రామఫోను పళ్లెం జతగా పలికే ఏర్పాటు అది. దాన్ని పట్టుకుని ఆయన మన ఊళ్లే కాదు, సిలోను, బర్మా కూడా తిరిగారు. టూరింగ్ టాకీసు అన్న మాటకు ముందే టూరింగ్ చేసిన మనిషి.


వెవె, జూన్ 17

ఇది స్విట్జర్లాండులో సరస్సు ఒడ్డున చిన్న ఊరు. ఒడ్డునే చాప్లిన్ కంచు విగ్రహం. వచ్చేపోయేవాళ్లు పక్కన నిలబడి ఫొటో దిగకుండా కదలరు.

1952లో 'లైమ్‌లైట్' విడుదలకు లండన్ వెళ్తుంటే, ఓడ నడిసముద్రంలో ఉండగానే అమెరికా ప్రభుత్వం ఆయన తిరిగి రావడానికి ఇచ్చిన అనుమతి రద్దు చేసింది. ఆయన మరుసటి ఏడాది ఇక్కడికి దగ్గర్లో కోర్సియే అనే పల్లెలో ఇల్లు కొనుక్కుని, 1977 క్రిస్మస్ రోజున పోయేదాకా అక్కడే ఉన్నాడు. 2016 నుంచి ఆ ఇల్లు మ్యూజియం.

ఆ ఇంట్లో ఆయన చివరి ఏళ్లలో చేసిన పని తెలిస్తే మీకు ఆశ్చర్యం వేస్తుంది. యాభై ఏళ్ల కిందట తీసిన మూకీలకు ఒక్కొక్కదానికీ సంగీతం కట్టుకుంటూ కూర్చున్నాడు. స్వరాలు రాయడం ఆయనకు రాదు. కూనిరాగం తీసో, పియానో మీద పలికించో చూపిస్తే పక్కనున్న సంగీతజ్ఞుడు కాగితం మీద పెట్టేవాడు. 1921 నాటి 'ది కిడ్'కు 1971లో సంగీతం చేశాడు. 1923లో తీసిన 'ఎ వుమన్ ఆఫ్ పారిస్'కు 1976లో చేశాడు. అప్పటికి ఆయనకు ఎనభై ఏడేళ్లు. సినిమాకు సంబంధించి అదే ఆయన ఆఖరి పని.

టాకీలు వచ్చి స్థిరపడ్డాక కూడా 1931లో 'సిటీ లైట్స్' మాటల్లేకుండా తీసిన మనిషి ఆయన. మాట వద్దన్నాడుగానీ సంగీతం వద్దనలేదు. మన దగ్గర మూకీ అంటే నిశ్శబ్దంగా చూసే బొమ్మ అనుకుంటాం. అది తప్పు. మూకీలను మామూలుగా నిశ్శబ్దంగా ఆడించేవారు కాదు. మన దేశంలోనూ తెర పక్కన హార్మోనియం, తబలా ఉండేవి. చదువురాని జనానికి కథ చెప్పే మనిషి ఉండేవాడు.


ట్యూరిన్, జూన్ 20

ఇది పొట్టి ఉత్తరం. రైలుకు టైమవుతోంది.

167 మీటర్ల ఎత్తున్న మోలే అనే గోపురంలో ఇటలీ జాతీయ సినిమా మ్యూజియం ఉంది. ఇక్కడి హాల్లో సందర్శకులు ఎర్రటి వాలుకుర్చీల్లో పడుకుని పైనున్న తెరల మీద బొమ్మలు చూడొచ్చు. దీనికి పునాది మరియా అడ్రియానా ప్రోలో అనే ఒక్కావిడ. 1941లో, యుద్ధం నడుస్తుండగా, ఎవరూ దేకని పాత కెమెరాలూ రీళ్లూ పోస్టర్లూ ఏరడం మొదలుపెట్టింది. ఆమెకున్న పిచ్చే ఇవాళ మ్యూజియం అయింది.

1914లో ఈ ఊళ్లోనే జొవాన్ని పాస్త్రోనే 'కబీరియా' తీశాడు. రెండు గంటలు దాటిన పౌరాణికపు ధోరణి చిత్రం. కెమెరాను బండి మీద పెట్టి మెల్లగా కదిలించడం దాంతో పేరుకెక్కింది. దాంట్లో బలశాలి మసిస్తే వేషం వేసిన బార్తొలొమియో పగానో అంతకుముందు జెనోవా రేవులో కూలీ. మన భీముడి వేషాలు ఇష్టపడేవాళ్లకు ఆయన వెంటనే నచ్చుతాడు.


బొలోన్యా, జూన్ 25

ఈ ప్రయాణమంతా దేనికోసమో ఆ ఊరు వచ్చేసింది. 'ఇల్ చీనెమా రిత్రొవాతో' అనే పండగ 1986 నుంచి ఏటా జరుగుతోంది. దొరికిన సినిమాల పండగ, అంతే. ఊళ్లోని సినిమాథెక్ నడిపిస్తుంది. పొద్దున తొమ్మిదింటి నుంచి అర్ధరాత్రి దాకా నాలుగైదు హాళ్లలో ఒకేసారి ఆటలు. ఇక్కడికి వచ్చినవాళ్ల మాటలు వినాలి. మెట్ల మీద కూర్చుని శాండ్‌విచ్ తింటూ జర్మనీ నుంచి వచ్చిన పెద్దాయనా జపాన్ కుర్రాడూ ఒక బొమ్మ సెకనుకు పద్దెనిమిది ఫ్రేములతో ఆడాలా, ఇరవైతోనా అని వాదించుకుంటున్నారు.

ఆ వాదన చాదస్తం కాదు. మూకీల కెమెరా పిడి చేత్తో తిప్పేవారు. సెకనుకు పదహారు, పద్దెనిమిది, ఇరవై, ఇలా మనిషినిబట్టి వేగం మారేది. టాకీలొచ్చాక వేగం ఇరవై నాలుగుకు కుదిరింది. పదహారుతో తీసినదాన్ని ఇరవై నాలుగుతో ఆడిస్తే మనుషులు కీలుబొమ్మల్లా గెంతుతారు. మన టీవీల్లో మూకీలంటే గెంతులే కనబడింది అందుకే. ఇక్కడ సరైన వేగంతో చూస్తే ఆ నటులు మనలాగే నడుస్తారు, నిదానంగా తల తిప్పుతారు, కళ్లలో నీళ్లు నిండడానికి పట్టేంత సమయం తీసుకుంటారు. రంగులూ ఉంటాయి. రాత్రి సీను నీలం, దీపం వెలుగు పసుపు, మంటలైతే ఎరుపు. ప్రింటును రంగు నీళ్లలో ముంచి తీసేవారు. తెలుపు నలుపు తప్ప మరొకటి లేదనుకుని వచ్చినవాళ్లు నోరు తెరిచి చూస్తారు.

వాయించేవాళ్ల సంగతి వేరే చెప్పాలి. నీల్ బ్రాండ్, డొనాల్డ్ సోసిన్, స్టీఫెన్ హార్న్ లాంటివాళ్లు చాలాసార్లు ముందు స్వరాలు రాసుకోకుండానే తెర చూస్తూ వాయిస్తారు. హార్న్ పియానో మీద ఒక చెయ్యి ఉంచి రెండో చేత్తో ఫ్లూటు పట్టుకోవడం అభిమానుల్లో ప్రసిద్ధి. తెర మీద తలుపు తెరుచుకోబోతుంటే సంగీతం ఒక్క క్షణం ఆగుతుంది. హాల్లో దగ్గు కూడా వినబడదు.

రాత్రి ఆట పియాత్సా మజ్జోరె అనే నడిబజారు చౌకులో. ఒక పక్క సాన్ పెత్రోనియో చర్చి, ఇంకోపక్క పాత నగరసభ భవనం, మధ్యలో పెద్ద తెర. వేలమంది కూర్చుంటారు. కుర్చీ దొరకనివాళ్లు చర్చి మెట్ల మీద సర్దుకుంటారు. టిక్కెట్టు లేదు. చాప్లిన్ బొమ్మ పడ్డ రాత్రుల్లో ఊరి నాటకశాల ఆర్కెస్ట్రా అంతా తెర ముందు కూర్చుంటుంది. ఆయన సంగీతాన్ని పాత కాగితాల నుంచి మళ్లీ నిలబెట్టిన తిమొతీ బ్రాక్ ఇక్కడ ఎన్నోసార్లు ఆ వాద్యబృందాన్ని నడిపించాడు. 2025 జూన్ 27న ఇదే చౌకులో, ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ బాగుచేయించిన 'షోలే' వేశారు.


బొలోన్యా, జూన్ 27

ఈ ఉత్తరం మీకోసమే. ఇంట్లో అందరికీ చదివి వినిపించండి, అర్థం కానిచోట మీరే విడమరిచి చెప్పండి.

సినిమాథెక్ ఆవరణలో పసోలినీ పేరు పెట్టిన చిన్న చౌకు ఉంది. పండగలో కొన్ని రాత్రులు అక్కడ కార్బన్ ప్రొజెక్టరు మీద బొమ్మ వేస్తారు. బల్బు కాదు, డిజిటల్ కాదు, కార్బనే. మీరు ఏళ్ల తరబడి కళ్లు మండించుకున్నది. చీకటి పడ్డాక ఆపరేటరు దీపపు పెట్టె తలుపు తీసి రెండు కార్బన్ కడ్డీలూ ఎదురెదురుగా బిగించాడు. ఒకదాని కొన ఒకదానికి తాకించి వెంటనే వెనక్కి లాగాడు. చిటచిటమని నిప్పు పుట్టింది. తలుపు మూసి నల్లద్దంలోంచి చూస్తూ కడ్డీల మధ్య సందు సరిచేశాడు. గొట్టంలోంచి సన్నటి పొగ పైకి లేచింది. అక్కడున్న కుర్రకారంతా తెరకేసి కాదు, ఆ పొగకేసి చూస్తూ చప్పట్లు కొట్టారు. ఆపరేటరుకు చప్పట్లు, బాబాయ్.

ఆ వెలుగు వేరు. తెల్లగా, కాస్త నీలి ఛాయతో, నిలకడగా ఉన్నట్టే ఉండి లోలోపల ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది. కడ్డీ కాలేకొద్దీ సందు పెరుగుతుంది, వెలుగు పసుపు తిరుగుతుంది, ఆపరేటరు మళ్లీ దగ్గరికి జరుపుతాడు. అంటే ఆట జరిగినంతసేపూ ఒక మనిషి వెలుగును కాపు కాస్తూనే ఉంటాడు. పాత బొమ్మను ఇలా చూశాక, అందులోని నటి మొహం మీద వెండి మెరుపు ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. అది ఆ ఫిల్ములోని వెండీ, ఈ నిప్పూ కలిసిన మెరుపు.

ఇక్కడే ఉన్న 'ఇమ్మాజినె రిత్రొవాతా' లేబరేటరీలో పాత ఫిల్ములను బాగుచేస్తారు. 1993లో లండన్‌లో అగ్నిప్రమాదంలో కాలిన 'పథేర్ పాంచాలి' నెగటివుల ముక్కలను మళ్లీ మెత్తబరిచి, చిరిగిన అంచు రంధ్రాలు ఒక్కొక్కటే చేత్తో అతికి, 2015 నాటికి బొమ్మను నిలబెట్టినవాళ్లు వీళ్లే. దొరికితే ఎంత కాలినదాన్నైనా బతికించే చేతులు ఈ లోకంలో ఉన్నాయి. దొరకాలి, అంతే.

దొరుకుతాయి కూడా. జర్మన్ మూకీ 'మెట్రోపొలిస్'లో ఎనభై ఏళ్లుగా పోయాయనుకున్న సీన్లు 2008లో బ్వెనస్ ఐరీస్‌లో బయటపడ్డాయి. 'ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్' అసలు ప్రతి 1981లో నార్వేలో ఒక మానసిక చికిత్సాలయంలో దొరికింది. ఏటా అక్టోబరులో మూకీల పండగ జరిగే పొర్దెనోనె ఊరు ఇక్కడికి రైల్లో కొన్ని గంటలు. ఆర్సన్ వెల్స్ 1938లో తీసిన బొమ్మ ఒకటి ఆ ఊరి గోడౌనులోనే దొరికి 2013లో అక్కడే తెరకెక్కింది. 1919లో కలకత్తా మాదన్ కంపెనీ తీసిన 'బిల్వమంగళ్'లో మిగిలిన భాగం పారిస్‌లో ఉందని తేలి, 2016లో దాని కాపీ పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు చేరింది.

మన దేశంలో తీసిన మూకీలు దాదాపు 1,300. వాటిలో పూర్తిగానో ముక్కలుగానో మిగిలినవి ముప్పై లోపే. వేడికి పాడైనవి కొన్ని, వెండి కోసం కరిగించినవి కొన్ని, నైట్రేట్ ఫిల్ము గనక అంటుకుని బూడిదైనవి కొన్ని. 2003 జనవరిలో పుణెలోనే పాత ఫిల్ములున్న గదికి నిప్పంటుకుంది.

ఈ బొలోన్యా పండగలో ఏటా ఒక విభాగం ఉంటుంది. సరిగ్గా నూరేళ్ల కిందటి బొమ్మలు వేస్తారు. వెంకయ్యగారి అబ్బాయి ప్రకాశ్ 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశాడు. మనవాళ్లు తీసిన తొలి కథాచిత్రం. 2021లో దానికి నూరేళ్లు నిండాయి. ఒక్క రీలు ఉండి ఉంటే ఆ ఏడాది ఈ తెరల మీద గంగ కనబడేది, పక్కన ఎవరో పియానో వాయించేవారు. ఉన్నవి నాలుగు కబుర్లే. 'భీష్మ ప్రతిజ్ఞ' నుంచి ఇంతవరకు ఒక్క అడుగు ఫిల్మైనా దొరకలేదు.

అందుకని ఒక పని అడుగుతున్నాను. మీతో పనిచేసిన ఆపరేటర్లు, పాత టూరింగ్ టాకీసుల వాళ్లు, పంపిణీ ఆఫీసుల్లో గుమాస్తాలుగా చేసినవాళ్లు ఎవరెవరున్నారో వాళ్ల ఇళ్లకు కబురు పెట్టండి. అటకమీద తుప్పుపట్టిన రీలు డబ్బాలుంటే పాతసామాన్ల వాడికి వెయ్యొద్దనండి. ప్రొజెక్టరులో వేసి చూడొద్దనండి, ఎండలోనూ పొయ్యి దగ్గరా ఉంచొద్దనండి. డబ్బా మీద రాసి ఉన్నది కాగితం మీద ఎక్కించి, పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఒక ఉత్తరం రాయమనండి. రాయడం రాకపోతే మీరే రాసిపెట్టండి.

మీ అన్న కొడుకు