వంతెన దాకా

సింగరేణి ఊళ్ళలో సైకిలంటే ఒకప్పుడు గనికి పోయే బండి. ఇప్పుడు షిఫ్టులకు మోటారు సైకిళ్ళు పోతున్నాయి. సైకిలు నాబోటి సరదారాయుళ్ళకు మిగిలింది. గోదావరిఖనిలో ఎండాకాలం దాని జోలికి పోలేం. రామగుండం ఎండలు చదువరులకు తెలియనివి కావు. వానలు వెనుకబట్టి కార్తీకం వచ్చాకనే సాధన మొదలు.

నిరుడు నాకు ఆ సాధన లేదు. మోకాలి చిప్ప విరిగి మంచం పట్టాను. మంచంలో ఉండగానే అమ్మ పోయింది. అస్థికలు తమ్ముడే గోదావరిలో కలిపి వచ్చాడు.

ఈ కార్తీకంలో అటక మీది సైకిలు దించగానే మా ఆవిడ అంది: "బ్రిడ్జి దాకనే పోండ్రి. దాటకుండ్రి." అవతలి ఒడ్డు మంచిర్యాల జిల్లా.

పందేలకు ఇంకా వ్యవధి ఉంది. ఇప్పుడు కావలసింది వేగం కాదు, మాట తడబడనంత నిదానం. మాట్లాడ్డానికి తోడెవరూ లేరు కనుక శార్దూల పద్యం అందుకుంటాను. పాదానికి 19 అక్షరాలు. ఒక్క ఊపిరిలో సాగిందా, సరే. యతి దగ్గరే ఆయాసం వచ్చిందా, చిన్న గేరు వెయ్యాలి. ఛందస్సుకు ఈ ఉపయోగం ఉందని ఏ విద్యార్థికీ చెప్పలేదు సుమా!

1971 నుంచి నడిచిన రామగుండం 62.5 మెగావాట్ల విద్యుత్కేంద్రం 2024లో ఆగిపోయింది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది. వంతెన ఎక్కేటప్పుడు ఎందుకో అది గుర్తుకొస్తుంది.

నిన్న వంతెన నడుమ దిగాను. కుడిచేతి వైపు పొద్దు పొడుస్తోంది. నీళ్ళు పలచగా ఉన్నాయి. ఎగువన శ్రీపాద ఎల్లంపల్లి ఆనకట్ట ఉంది మరి. ఎక్కడ కలిపాడో తమ్ముణ్ణి అడగనేలేదు. కాసేపు నిలబడి, బండి వెనక్కు తిప్పాను.

ఇంటికొచ్చి ఆవిడతో చెప్పాను, సగం దాటానని.