వణుకు ఎక్కడ పుట్టింది?

1950ల చివర, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనా ఆధారంగా మన దేశంలో రూపుదిద్దుకొన్న అంబాసిడర్ కారు ఉత్పత్తి 2014లో ఉత్తరపారాలో ఆగిపోయింది. అయినా కొన్ని ఇళ్ళలో అది నేటికీ కుటుంబ సభ్యురాలే. మా ఇంట్లో ఉన్నది 1986 నాటిది. మోకాళ్ళ నొప్పులతో బాధపడే మా అమ్మగారు ఎవరి సాయమూ లేకుండా ఎక్కి దిగగలిగే వాహనం అదొక్కటే.

గత వేసవిలో దానికొక జబ్బు పట్టుకొన్నది. వేగం గంటకు 60 కిలోమీటర్లకు చేరగానే సీటూ, కాళ్ళ కింది నేలా జుమ్మని వణికేవి. డిఫరెన్షియల్ మొత్తం మార్చాలని ఒక మెకానిక్ తేల్చారు. ఆ ఖర్చు కారు విలువను మించుతుంది. తుక్కుకు ఇచ్చివేయడమే మేలని ఇంట్లో అందరూ అన్నారు. అమ్మగారు మాత్రం ఏమీ అనలేదు. ఆ మౌనమే నన్ను ఆలోచింపజేసింది.

కర్మాగారంలో పంపు వణికితే మనం ముందుగా కప్లింగ్ విప్పి మోటారును ఒంటరిగా నడిపి చూస్తాము. దోషం ఏ వైపున ఉన్నదో తేలనిదే ఏ భాగాన్నీ మార్చము. కారు విషయంలోనూ అదే పద్ధతిని అనుసరించాను.

బండిని నిలిపి, న్యూట్రల్‌లో ఇంజను వేగం పెంచాను. వణుకు లేదు. ఖాళీ రోడ్డుపై అదే 60 వేగంలో ఒకసారి టాప్ గేరులో, ఒకసారి మూడవ గేరులో నడిపాను. ఇంజను వేగం మారినా వణుకు మారలేదు. క్లచ్ నొక్కినా అది పోలేదు. ఇక అనుమానం గేరుబాక్సుకు వెనుక ఉన్న భాగాలపైనా, చక్రాలపైనా మిగిలింది.

ఇక్కడ చిన్న లెక్క తోడ్పడింది. ఆ వేగంలో చక్రం సెకనుకు సుమారు 8 సార్లు తిరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు అందుకు నాలుగు రెట్లకు పైగా, అంటే 30కి మించి తిరుగుతుంది. చక్రంలో లోపముంటే కుదుపు నెమ్మదిగా, లెక్కపెట్టగలిగేటట్లు ఉంటుంది. మా కారులోనిది సన్నని, వడిగల జుమ్మనడం. పైగా స్టీరింగు నిశ్చలంగా ఉన్నది. ముందు, వెనుక చక్రాలను మార్చి బిగించినా ఫలితం లేకపోవడంతో అనుమానం షాఫ్టుపై స్థిరపడింది.

ముందు చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, వెనుక భాగాన్ని జాకీతో లేపి, గట్టి స్టాండ్లపై నిలిపాను. కేవలం జాకీని నమ్మి బండి కింద దూరరాదు. ఇంజను ఆపి, వెనుక క్రాస్ జాయింటుకు ఇరువైపులా పట్టుకొని ఎదురెదురుగా తిప్పాను. చేతికి ఆట తెలిసింది. కప్పుల చుట్టూ ఎర్రని తుప్పు పొడి కనిపించింది. ఫ్లాంజీలు తిరిగి అదే స్థానంలో కూర్చునేందుకు రంగుతో గుర్తులు పెట్టి, షాఫ్టు దించాను. క్రాసును విప్పగా గ్రీజు ఎండిపోయి, సూది బేరింగులు దాని ఉక్కుపై గాడులు చేసి ఉన్నాయి.

డిఫరెన్షియల్‌ను తాకనే లేదు. కొత్త క్రాసుతో వణుకు పూర్తిగా పోయింది. అమ్మగారి ప్రయాణాలు యథావిధిగా సాగుతున్నాయి.

పాత కార్లున్న మిత్రులకు ఒక మనవి. బండి కదిలేటప్పుడు కింద ‘టక్’ మని వినిపిస్తే ఉపేక్షించకండి. వేగంలో జాయింటు విరిగితే షాఫ్టు ఊడి నేలను తాకవచ్చు. ఆ ప్రమాదంతో పోలిస్తే ఒక క్రాసు ఖరీదు ఎంత?